బస్ యా బహర్: అప్పుల పడవ కథని సినిమాగా తీసిన కువైట్ మనిషి

ఇది మన పాడ్‌కాస్ట్ 41వ ఎపిసోడ్‌కి రాత రూపం. డ్యూటీలో చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకునే వీలు లేనివాళ్లు, ఇళ్లల్లో పనిచేస్తూ రాత్రి పదకొండు దాటాకే ఫోన్ చేతికొచ్చే అక్కచెల్లెళ్లు అడిగారు కాబట్టి రాసి పెడుతున్నాం. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాను, అక్కడక్కడా కొంచెం సర్దాను.

2021 అక్టోబరులో ఖాలిద్ అల్ సిద్దిక్ అనే సినిమా దర్శకుడు చనిపోయారు. కువైట్ మనిషి. 1945లో పుట్టారు. ఈ దేశంలో మొట్టమొదటి పూర్తి నిడివి కథాచిత్రం తీసింది ఆయనే. 1972లో వచ్చింది. పేరు ‘బస్ యా బహర్’. మన హైదరాబాద్‌లో, కడపలో ‘బస్, ఇంక చాలు’ అంటాం చూడండి, ఆ ‘బస్’ ఇదే. ‘బహర్’ అంటే హిందీలో బయట అనే ‘బాహర్’ కాదు, సముద్రం. చాలించు, ఓ సముద్రమా అన్నమాట.

మన వాట్సాప్ గ్రూపుల్లో ఈ వార్త ఎవరూ పెట్టలేదు. కువైట్ సినిమాతో మనకేం పని అనుకుంటాం. నిజానికి ఇక్కడ ఉన్న తెలుగువాళ్లు చూడాల్సిన సినిమా ఒక్కటే ఉందంటే నేను ఇదే చెబుతాను. అప్పు చేసి, ఇల్లు వదిలి, ఇంకొకడి చేతి కింద పనికి పోయేవాడు ఆ సినిమాలో కువైటీ. మనం ఇప్పుడు నిలబడ్డ చోట ఒకప్పుడు వాళ్లు నిలబడి ఉన్నారు. ఆ సంగతిని కెమెరాతో పట్టి ఉంచిన మనిషి ఈయన. అందుకే ఈ ఎపిసోడ్ ఆయన కోసం.

మిర్కాబ్ ఒకప్పుడు

ముందు మన కాళ్ల కింద ఉన్న నేల గురించి రెండు మాటలు. మిర్కాబ్ అంటే మనకి తెలిసింది బస్సులు, కార్గో ఆఫీసులు, మొబైల్ షాపులు, ఎక్స్‌ఛేంజీలు, శుక్రవారం మన మెస్సుల్లో బిర్యానీ. తలెత్తితే లిబరేషన్ టవర్. కానీ ఇది కువైట్ ఊరి పాత పేటల్లో ఒకటి. పేరుకి అర్థం కూడా బాగుంటుంది. నిఘా వేసి చూసే చోటు, కాపు కాసే చోటు అని అరబ్బీలో.

1920లో శత్రువుల భయంతో ఊరి చుట్టూ మట్టిగోడ కట్టారు. ఆ గోడ లోపల సముద్రం ఒడ్డున తూర్పుకి షర్క్, పడమరకి ఖిబ్లా, ఒడ్డుకి దూరంగా లోపలికి మిర్కాబ్. పడవల మనుషులు ఎక్కువగా షర్క్‌లో ఉండేవాళ్లు. గోడని 1957లో కొట్టేశారు, దర్వాజాలు మాత్రం మిగిల్చారు. షహీద్ పార్క్ వైపు నడుచుకుంటూ పోతే పచ్చగా కనిపించే గ్రీన్ బెల్ట్ ఉంది కదా, ఆ పాత గోడ నడిచిన దారి అదే.

గోడ లోపల మట్టి ఇళ్లన్నీ ఏమయ్యాయి? నూనె డబ్బు వచ్చాక ప్రభుత్వం పాత ఊళ్లో స్థలాలని మంచి రేటు ఇచ్చి కొనేసింది. జనం బయట కొత్త విల్లాలకి పోయారు. పాత ఇళ్లు కూల్చి రోడ్లు, ఆఫీసులు వేశారు. అంటే ఖాలిద్ సిద్దిక్ కుర్రాడిగా ఉన్నప్పుడు ఉన్న ఊరు, ఆయన సినిమా తీసే నాటికి కళ్ల ముందే మాయమైపోయింది. ఇది గుర్తుపెట్టుకోండి, సినిమా ఎందుకు తీశాడో తెలుస్తుంది.

నూనెకి ముందు ముత్యం

బుర్గాన్‌లో నూనె పడింది 1938లో. మొదటి ఓడ నూనె నింపుకుని బయల్దేరింది 1946 జూన్ 30న. అంతకుముందు కువైట్ బతికింది సముద్రం మీద. ఒకటి వ్యాపారం: ఖర్జూరం బస్రా నుంచి మన బొంబాయికి, మలబారుకి, తిరిగి వచ్చేటప్పుడు టేకు కలప, కొబ్బరి తాళ్లు, బియ్యం. రెండోది ముత్యాలు. 1900ల మొదట్లో బ్రిటిష్ వాళ్లు వేసిన లెక్క ప్రకారం కువైట్ నుంచి 461 ముత్యాల పడవలు, వాటి మీద 9,200 మంది. ఆ రోజుల్లో అంత చిన్న ఊరికి అదంటే దాదాపు ప్రతి ఇంటి నుంచీ ఒకడు.

పని ఎట్లా ఉండేదంటే, వేసవి మొదట్లో బయల్దేరితే నాలుగు నెలల పైన సముద్రం మీదే. మనం ఏసీ లేకుండా ఒక్క గంట నిలబడలేని జూలై, ఆగస్టు అంతా పడవలోనే. పడవ పెద్దని నఖూదా అంటారు. మన నావిక భాషలో నాఖుదా అనే మాట ఉంది కదా, అదే. నీళ్లలోకి దిగేవాడు గవ్వాస్. పైన తాడు పట్టుకుని లాగేవాడు సైబ్. ముక్కుకి కొమ్ముతో చేసిన క్లిప్పు, వేళ్లకి తోలు తొడుగులు, మెళ్లో బుట్ట, కాలికి రాయి. రాయి బరువుతో కిందకి పోవాలి, ఊపిరి ఆగినంత సేపు చిప్పలు ఏరాలి, తాడు గుంజితే పైవాడు లాగాలి. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకే దాకా ఇట్లా రోజుకి యాభైసార్లు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ. కడుపు నిండా తింటే మునగలేరు కాబట్టి పగలంతా నాలుగు ఖర్జూరాలు, కాఫీ. రాత్రికి అన్నం, చేప. చెవులు పోయేవి, కళ్లు పోయేవి, చర్మం ఉప్పుకి పగిలిపోయేది.

ఇంత చేసి డబ్బులేమైనా మిగిలేవా అంటే, అక్కడే అసలు కథ.

సీజన్‌కి ముందు నఖూదా అడ్వాన్సు ఇస్తాడు. నాలుగు నెలలు ఇంట్లో పెళ్లాం పిల్లలు తినాలి కదా. సీజన్ అయ్యాక ముత్యాలు అమ్మితే వచ్చిన దాంట్లో పడవ ఖర్చులు, పడవ వాటా తీసి, మిగిలింది వాటాలేస్తారు. మునిగేవాడికి మూడు వాటాలైతే తాడు లాగేవాడికి రెండు. అందులోంచి అడ్వాన్సు కోసుకుంటారు. సరిపోకపోతే బాకీ వచ్చే ఏడాదికి. లెక్క రాసేది నఖూదా, చదువు రానివాడు గవ్వాస్. మళ్లీ నఖూదా కూడా స్వతంత్రుడేం కాదు, వాడు పట్నంలో పెద్ద వ్యాపారి దగ్గర అప్పు తెచ్చి ఉంటాడు. 1938-39లో ఆలన్ విలియర్స్ అనే ఆస్ట్రేలియా నావికుడు కువైటీల పడవల్లో తిరిగి ఒక పుస్తకం రాశాడు. అందులో ఆయన చూసింది ఇదే: కింద మునిగేవాడి నుంచి పైన నఖూదా దాకా అందరూ ఒకరికొకరు బాకీలే.

ఇంకో మాట చెబుతాను, వినగానే మీకు మీ సివిల్ ఐడి గుర్తొస్తుంది. ఒక గవ్వాస్ ఈ నఖూదాని వదిలి ఇంకో నఖూదా పడవెక్కాలంటే ఊరికే పోవడానికి లేదు. పాత నఖూదా దగ్గర ‘బర్వా’ అనే కాగితం తీసుకోవాలి. ఇతని బాకీ తీరింది, లేదా ఇంత ఉంది, కొత్తవాడు కట్టుకోవాలి అని అందులో రాసి ఉండాలి. బర్వా లేకపోతే ఎవరూ పనిలో పెట్టుకోరు. మనం ‘రిలీజ్ ఇచ్చాడా, ఇంకా ఇవ్వలేదా’ అని అడుక్కుంటాం చూడండి, అదే కాగితం, వందేళ్ల కిందటిది. మునిగేవాడు చచ్చిపోతే బాకీ చచ్చిపోదు. కొడుకు మీదకో తమ్ముడి మీదకో వస్తుంది. వాడూ పడవెక్కుతాడు.

1920ల చివర నుంచి జపాన్ వాళ్ల పెంపకపు ముత్యాలు మార్కెట్లోకి దిగాయి. అదే సమయానికి ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం. ముత్యం ధర పడిపోయింది. పడవలు ఒడ్డెక్కాయి. నూనె వచ్చే దాకా కువైట్ చూసిన ఆకలి రోజులవి.

బొంబాయి చదువు

ఖాలిద్ సిద్దిక్ పుట్టింది సరిగ్గా ఆ మలుపులో. నూనె పడింది గానీ ఇంకా ఓడ ఎక్కలేదు. అప్పటి కువైట్‌కి పెద్ద పట్నం అంటే బొంబాయి. కువైట్ బజారులో నడిచింది మన రూపాయే. 1959 నుంచి గల్ఫ్ కోసం వేరే రంగులో రిజర్వు బ్యాంకు అచ్చేసిన గల్ఫ్ రూపాయి నడిచింది, 1961లో దినారు వచ్చింది. మారకం రేటు వింటే నవ్వొస్తుంది: ఒక దినారుకి 13 రూపాయల పైచిలుకు, అంతే.

కువైట్ వ్యాపారులు పిల్లల్ని చదువుకి, వ్యాపారం నేర్చుకోడానికి బొంబాయి పంపేవాళ్లు. ఖాలిద్ కూడా అట్లా మన దేశంలో చదువుకున్నాడు. వ్యాపారం ఏమాత్రం నేర్చుకున్నాడో గానీ సినిమా స్టూడియోల్లో పని నేర్చుకుని తిరిగొచ్చాడు. మనవాళ్లు కువైట్ వచ్చి డ్రైవింగ్, ఎలక్ట్రికల్ పని నేర్చుకుని ఊరికి పోతారే, దానికి ఉల్టా. వాళ్ల కుర్రాడు మన దేశం పోయి మన దగ్గర చేతిపని నేర్చుకొచ్చాడు. కువైట్ మొదటి సినిమాలో కొంచెం బొంబాయి ఉప్పుందని నేనంటే కాదనలేరు.

వచ్చేసరికి ఇక్కడ సినిమా హాళ్లున్నాయి గానీ సినిమా తీసే పరిశ్రమ లేదు. కువైట్ నేషనల్ సినిమా కంపెనీ 1954లో పెట్టారు. అది ఈజిప్ట్ సినిమాలు, హిందీ సినిమాలు, అమెరికా సినిమాలు తెచ్చి ఆడించేది. 1961లో టీవీ మొదలైంది. ఖాలిద్ ఆ టీవీలో చేరి చిన్న చిన్న చిత్రాలు, డాక్యుమెంటరీలు తీశాడు. డేగల వేట మీద ఒకటి తీశాడు. అదంతా చెయ్యి తిప్పుకోడం. మనసులో ఉన్నది వేరే.

స్టూడియోలు లేవు, సినిమాకి తర్ఫీదైన మనుషుల్లేరు, ముందు ఎవరూ నడిచిన దారి లేదు. అట్లాంటి చోట సొంతంగా నిర్మాతగా నిలబడి, నాటకాల్లో, టీవీలో వేషాలేసేవాళ్లని పోగేసి పూర్తి సినిమా తీశాడు. అది కూడా ఏ కథ? దేశమంతా కొత్త కార్లు, ఏసీలు, విల్లాలు కొంటున్న రోజుల్లో, ఇరవై ముప్పై ఏళ్ల కిందటి దాకా మీ నాయన ఎట్లా మునిగాడో, మీ అమ్మ ఒడ్డున ఎట్లా ఏడ్చిందో చూడండి అని నలుపు తెలుపులో చూపించాడు.

సినిమాలో ఏముంది

కథ పెద్దదేం కాదు. ముసాయిద్ అనే కుర్రాడు. వాళ్ల నాయన ఒకప్పటి గవ్వాస్, సముద్రంలో షార్క్ చేతిలో దెబ్బతిని పనికిరాకుండా ఇంట్లో పడ్డాడు. ముసాయిద్‌కి నూరా అనే పిల్ల మీద మనసు. వాళ్లు కలిగినవాళ్లు. పిల్లనడగాలంటే డబ్బుండాలి, డబ్బంటే ముత్యం, ముత్యమంటే సముద్రం. నాయనకి ఇష్టం లేదు, ఆ సముద్రం ఏం చేస్తుందో ఆయనకి తెలుసు. అయినా కుర్రాడు పడవెక్కుతాడు. ఇక్కడ వాడు నీళ్లలో మునుగుతుంటే అక్కడ నూరాని వయసు మళ్లిన ఒక డబ్బున్నోడికి కట్టబెడతారు. ఆ పెళ్లి రాత్రి సీను చూడలేం. ఆడవాళ్లే ఆ పిల్లని పట్టుకుని అప్పగిస్తారు. అప్పు, డబ్బు, మగవాళ్లని సముద్రంలోకి తోసినట్టే ఆడపిల్లల్ని ఎక్కడికి తోశాయో దాచకుండా చూపించాడు.

చివరికి ముసాయిద్‌కి పెద్ద ముత్యం దొరుకుతుంది. దొరికిన చోటే చెయ్యి చిక్కుకుపోతుంది. ముత్యం పైకి వస్తుంది, వాడు రాడు. పడవ తిరిగొచ్చిన రోజు ఒడ్డంతా పాటలు, డప్పులు. ముత్యాన్ని తెచ్చి తల్లి చేతిలో పెడతారు. ఆ ముత్యంతో అప్పులన్నీ తీరిపోయేవేమో. ఆ తల్లి దాన్ని తీసి సముద్రంలోకి విసిరేస్తుంది.

పేరు కూడా ఊరికే పెట్టింది కాదు. పడవలు తిరిగొచ్చే వేళ దాటితే పాత కువైట్ ఆడవాళ్లు ఒడ్డుకి పోయి సముద్రాన్ని బతిమాలేవాళ్లు, తిట్టేవాళ్లు. మండుతున్న ఖర్జూరపు మట్టలు నీళ్లలో గుచ్చి సముద్రానికి వాతలు పెట్టేవాళ్లు, మా మగవాళ్లని మాకిచ్చెయ్ అని. పిల్లిని నీళ్లలో ముంచేవాళ్లట, అది కూడా ఒక మొక్కు. గంగమ్మకి జాతర చేసే ఊళ్ల నుంచి వచ్చాం, మనకి ఇది కొత్తగా అనిపించదు. ఒడ్డున నిలబడ్డ ఆ ఆడవాళ్ల గొంతే ఆ సినిమా పేరు.

ఈ సినిమాని మా రూములో ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆరుగురం కూర్చుని ఫోన్లో చూశాం. అరబ్బీ ముక్కలు ముక్కలుగా అర్థమయ్యేవాళ్లం. మాలో కాకినాడ వైపు మనిషి ఒకాయనున్నాడు, ఉప్పాడ దగ్గర బోట్ల మీద పనిచేసి వచ్చినవాడు. నఖూదా అడ్వాన్సు లెక్క చూసే సీను రాగానే ‘మా బోటు ఓనరు లెక్క కూడా ఇట్లాగేనండి, ఏడాదికేడాది తీరదండి’ అన్నాడు. రాజంపేట మనిషి ఇంకొకడు ఏమీ అనలేదు. వాడు వచ్చిన వీసాకి ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు. మూడేళ్లయింది, అసలు ఇంకా అట్లాగే ఉంది. తల్లి ముత్యం విసిరేసినప్పుడు మాత్రం ‘అయ్యో, ఎందుకు పారేసింది, అప్పన్నా తీరేది కదా’ అన్నాడు. అక్కడ మా రూములో వాదన మొదలైంది. పారేయడం కరెక్టా కాదా అని రాత్రి పది దాకా. ఒక సినిమాకి ఇంతకన్నా ఏం కావాలి?

‘బస్ యా బహర్’ ఫిలిం ఫెస్టివల్స్‌కి పోయింది, బహుమతులు తెచ్చింది. ఆస్కార్‌లో విదేశీ భాషా చిత్రం విభాగానికి కువైట్ పంపిన మొట్టమొదటి సినిమా అదే. అప్పటికి కువైట్‌కి స్వాతంత్య్రం వచ్చి పదకొండేళ్లు.

పక్క దేశం కథ

రెండో సినిమాకి ఆయన ఏం చేశాడో చూడండి. పేరొచ్చింది కదా, కువైట్ విల్లాల్లో ప్రేమకథ తీసుకోవచ్చు. అట్లా కాకుండా సూడాన్ పోయాడు. తయ్యిబ్ సాలిహ్ అని సూడాన్ గొప్ప రచయిత, ఆయన నవలిక ‘జైన్ పెళ్లి’ని తీసుకుని, నైలు ఒడ్డున పల్లెలో, సూడాన్ నటులతో తీశాడు. 1970ల మధ్య మాట. జైన్ అంటే ఊళ్లో అందరూ ఎగతాళి చేసే వెర్రిబాగులోడు. వాడు ఏ పిల్లని చూసి అందగత్తె అని పాడితే ఆ పిల్లకి మంచి సంబంధం కుదిరిపోతుంది, వీడికి మాత్రం ఎవరూ ఉండరు. చివరికి ఊళ్లో అందరికన్నా మంచి పిల్ల వీణ్ని చేసుకుంటుంది. దాన్ని కూడా కువైట్ ఆస్కార్‌కి పంపింది.

ఇది నాకు మొదటి సినిమా కన్నా ఆశ్చర్యం. ఆ రోజుల్లో కువైట్‌కి సూడాన్ నుంచి, మన నుంచి, ఈజిప్ట్ నుంచి జనం పనికోసం వస్తున్నారు. ఈయన ఎదురు పోయాడు. అక్కడి మనుషుల్ని పనివాళ్లుగా కాదు, కథానాయకులుగా చూశాడు. వాళ్ల యాస, వాళ్ల పెళ్లి, వాళ్ల నవ్వు. కువైటీ ఒక్కడు కూడా లేని కథని కువైట్ పేరు మీద ప్రపంచానికి చూపించాడు.

తర్వాత ఎనభైల్లో ‘షాహీన్’ అని ఇంకొకటి తీశాడు. ఇటలీ రచయిత బొకాచియో పాత కథలోంచి తీసుకున్నది, మళ్లీ డేగ కథే. దానికి మొదటి రెండింటంత పేరు రాలేదు. 1990 ఆగస్టులో ఇరాక్ వచ్చి పడింది. ఆ దెబ్బ నుంచి ఇక్కడ సినిమా కోలుకోడానికి చాలా ఏళ్లు పట్టింది. లెక్కపెడితే యాభై ఏళ్ల జీవితంలో పెద్ద సినిమాలు మూడు. అంతే. సొంతంగా తీసేవాడి లెక్క ఎక్కడైనా ఇంతే. మన దగ్గర బి. నర్సింగరావు గారు 1988లో ‘దాసి’ తీశారు, దొరల గడీలో వెట్టి చేసే ఆడపిల్ల కథ. ఆయన సినిమాలు కూడా వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కానీ తెలంగాణ వెట్టి ఎట్లా ఉండేదని ఎవరైనా అడిగితే చూపించడానికి అది ఉంది.

మరిచిపోవడం ఎంత సులువో

ఇప్పుడు కొంచెం కష్టమైన సంగతి. ‘బస్ యా బహర్’లో తల్లి వేషం వేసింది హయాత్ అల్ ఫహద్. ఇళ్లల్లో పనిచేసే అక్కలకి ఈమెని నేను పరిచయం చెయ్యక్కర్లేదు. రంజాన్ వస్తే మీ మామా వాళ్ల టీవీలో కనిపించేది ఆమే. తండ్రి వేషం వేసిన సాద్ అల్ ఫరజ్ కూడా మీకు తెలుసు. ‘దర్బ్ అల్ జలగ్’ అని 1977 నాటి కామెడీ సీరియల్ ఇప్పటికీ వేస్తుంటారు, అందులో ఉన్నాడు. పాత ఇంటికి ప్రభుత్వం ఇచ్చిన డబ్బుతో కోటీశ్వరులైపోదామని తిప్పలు పడే అన్నదమ్ముల కథ అది. మిర్కాబ్ ఇళ్లు ఎట్లా పోయాయో ఇందాక చెప్పాను కదా, ఆ డబ్బు సంగతే.

2020లో కరోనా మొదలైన కొత్తల్లో హయాత్ అల్ ఫహద్ ఒక టీవీ చానెల్‌తో ఫోన్లో మాట్లాడింది. ఆస్పత్రుల్లో చోటు లేకపోతే ఈ పరాయి దేశాల వాళ్లని మేమెందుకు ఉంచుకోవాలి, బయటికి పంపెయ్యాలి, ఎడారిలో పడెయ్యాలి అన్న అర్థం వచ్చేట్టు మాట్లాడింది. మనవాళ్లు ఆమ్నెస్టీలో పేరిచ్చి, క్యాంపుల్లో విమానం కోసం వారాలు ఎదురుచూసిన వేసవి కూడా అదే. చాలామంది కువైటీలే ఆమెని తప్పుపట్టారు, అది కూడా చెప్పాలి. తర్వాత ఆమె వివరణ ఇచ్చింది.

ఆమెని తిట్టడానికి ఇది చెప్పడం లేదు. ముత్యాన్ని విసిరేసిన ఆ తల్లి, అప్పు కోసం పోయినోడి తల్లి, యాభై ఏళ్లలో ఎంత దూరం వచ్చేసిందో చూడమంటున్నాను. ఒక మనిషిని కాదు, ఒక ఊరిని అంటున్నాను. ఇప్పుడు వేసవిలో సీ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లు కువైటీ కుర్రాళ్లని పాత పడవల్లో ముత్యాల వేటకి తీసుకుపోతారు. జెండాలు, పాటలు, ఫోటోలు. మంచిదే, తాతల్ని గుర్తు చేసుకోవాలి. కానీ ఆ ఫోటోల్లో బర్వా కాగితం ఉండదు, బాకీ లెక్క ఉండదు. అవి ఖాలిద్ సిద్దిక్ సినిమాలో ఉన్నాయి.

ఇంకా లోతుకి పోతే, మన కఫీల్ పద్ధతి కూడా ఆ పడవల్లోంచే వచ్చిందనే చరిత్రకారులున్నారు. బహ్రెయిన్ చరిత్రకారుడు ఒమర్ అల్ షెహాబి దీని మీద పెద్ద పరిశోధన రాశాడు. 1920లలో బహ్రెయిన్‌లో ముత్యాల వేటకి బయట దేశాల నుంచి మనుషులు వచ్చేవాళ్లు. వాళ్లని అదుపులో ఉంచడానికి, ఎవరు తెచ్చుకుంటే వాళ్లే పూచీ, వాళ్లే బాధ్యత అనే పద్ధతిని బ్రిటిష్ అధికారులు పెట్టారు, ఇప్పటి కఫాలా మొదలు అక్కడే ఉంది అని ఆయన వాదన. కఫీల్ పద్ధతి అరబ్బుల అనాది ఆచారం అని మనకి చాలామంది చెబుతారు. ఆచారం కాదు, ఒక కాలంలో ఒక పని కోసం పెట్టిన రూలు అని ఈయన అంటాడు. పెట్టిన రూలుని మార్చొచ్చు కూడా. ఆ బర్వా పోయింది కదా. ముత్యాల అప్పులు పోయాయి కదా. ఎవరూ అడక్కుండా పోలేదు, బహ్రెయిన్‌లో మునిగేవాళ్లు రోడ్డెక్కి గొడవలు చేశారు.

ఇది విని మీ కఫీల్ దగ్గరికి పోయి వాదించమని నేను చెప్పను. అకామా వాళ్ల చేతిలో ఉంది, ఆ ఇబ్బంది నాకు తెలుసు. నేను చెప్పేది, మీ బాబా తాత కూడా ఒకప్పుడు ఇంకొకడి లెక్కల పుస్తకంలో ఒక పేరు అయ్యుండొచ్చు. అది తెలిసి ఉంటే మన తల కొంచెం నిటారుగా ఉంటుంది. అప్పు చేసి పని కోసం సముద్రం దాటడం సిగ్గుపడే పని కాదు. ఈ దేశం అట్లాగే బతికింది.

మన సినిమా ఎవరు తీస్తారు

మన మీద సినిమాలు లేకపోలేదు. పి. సునీల్ కుమార్ రెడ్డి గారు 2017లో ‘గల్ఫ్’ అని తీశారు. మలయాళీలకి బెన్యామిన్ రాసిన ‘ఆడుజీవితం’ నవల ఉంది. కానీ రాయచోటి నుంచి ఖాదిం వీసా మీద వచ్చిన అక్క కథ, కోనసీమలో పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి ఇరవై ఏళ్లు ఇంకొకరి పిల్లల్ని పెంచిన తల్లి కథ ఇంకా ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఖాలిద్ సిద్దిక్ దగ్గర నేను నేర్చుకున్నది ఒకటుంది. ఆయన ఎదురుచూడలేదు. పాత ఊరు కూలిపోతుంటే, మునిగినవాళ్లు ఇంకా బతికుండగానే, తీశాడు. ఇంకో ఇరవై ఏళ్లు ఆగి ఉంటే ముక్కు క్లిప్పు ఎట్లా పెట్టుకుంటారో చూపించే మనిషి కూడా దొరికేవాడు కాదు.

మన వాళ్లలో 1970ల్లో, 80ల్లో బొంబాయి మీదుగా వచ్చిన తొలితరం ఇంకా ఉన్నారు. కొంతమంది ఊళ్లకి పోయి పొలం చూసుకుంటున్నారు, కొంతమంది ఇక్కడే ఉన్నారు. వాళ్లకి గుర్తున్నవి మీ ఫోన్లో రికార్డు చెయ్యండి. మొదటి నెల జీతం ఎంత, ఎవరి దగ్గర ఎంత అప్పు తెచ్చారు, ఎంత వడ్డీ, ఎప్పుడు తీరింది, క్యాసెట్లో ఇంటికి ఏం మాట్లాడి పంపారు. పేర్లు వద్దంటే తీసేస్తాం. ఐదు నిమిషాలైనా చాలు, వాయిస్ మెసేజ్‌గా మాకు పంపండి. సినిమా ఎవరైనా తీస్తారో లేదో, తీసేవాడికి సరుకైతే ఉంటుంది.

‘బస్ యా బహర్’ చూడాలనుకునేవాళ్లు ఆ పేరుని అరబ్బీలో టైపు చేసి వెతకండి. మీ పక్కన అరబ్బీ బాగా వచ్చినవాళ్లని కూర్చోబెట్టుకోండి. ఇళ్లల్లో పెరిగిన మన అక్కలకి వచ్చినంత కువైటీ అరబ్బీ ఏ డిగ్రీవాడికీ రాదు. చూశాక ఆ తల్లి ముత్యం పారేసింది సరైన పనా కాదా, మీరేమంటారో చెప్పండి. మా రూములో ఇంకా తేలలేదు.

వచ్చే శుక్రవారం 1990 సంగతి: సద్దాం సైన్యం వచ్చిన రోజు మిర్కాబ్‌లో ఉన్న మనవాళ్లు అమ్మాన్ దాకా ఎట్లా పోయారు, అక్కడి నుంచి ఎయిర్ ఇండియా విమానాలు లక్ష మందికి పైగా జనాన్ని ఇంటికి ఎట్లా చేర్చాయి. అప్పుడు ఆ దారిలో పోయినవాళ్లు ఎవరైనా ఈ ఎపిసోడ్ వింటుంటే, ముందే మాకు ఒక మాట చెప్పండి.

ఉంటాను. జాగ్రత్తగా ఉండండి, ఇంటికి ఫోన్ చెయ్యండి.